పాలబండి హెడ్‌లైట్లు: లోపాలు, పరీక్ష, మరమ్మతు

(సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతపు సంఘాల కార్యదర్శులకు, రూటు వాహనాల డ్రైవర్లకు ఏర్పాటైన శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



వెన్న శాతం గురించి, పశువుల దాణా గురించి, క్యాన్ల శుభ్రత గురించి ఈ తరగతులలో మీరు చాలా విన్నారు. మా వంతుకు వచ్చిన విషయం చూడటానికి చిన్నది. పాలు మోసే బండికి ఉండే హెడ్‌లైట్లు. ఇది మెకానిక్కు చెప్పవలసిన విషయం గదా, సహకార ఇన్‌స్పెక్టరుకు ఇందులో ఏమి పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. మా పని లెక్కల పుస్తకాలు చూడటం. ఆ పుస్తకాలలోనే ఈ విషయం మా కంటబడింది.

ఒక సంఘం వోచర్లలో రెండు నెలల్లో నాలుగుసార్లు హెడ్‌లైటు బల్బు కొన్నట్టు ఉంది. మరొక సంఘంలో మూడేళ్ళుగా ఆ ఖర్చు ఒక్కసారి కూడా లేదు. మొదటి సంఘాన్ని దుబారా అన్నారు, రెండవ సంఘాన్ని పొదుపు అన్నారు. మా దృష్టిలో రెండూ జబ్బుకు గుర్తులే. మొదటి బండిలో రోగం బల్బులో లేదు, మరొకచోట ఉంది. రెండవ బండి దీపాలను మూడేళ్ళుగా ఎవరూ పరీక్షించలేదు.

ఈ రోజు మేము మనవి చేయదలచినది ముఖ్యంగా ఒక్కటే. దీపం ఒక్కసారిగా ఆరిపోతే అందరికీ తెలుస్తుంది. రోజుకు కొంచెం చొప్పున తగ్గుతూ వస్తే దాని వెనుక కూర్చున్న మనిషికి తెలియదు, ఎందుకంటే అతని కన్ను కూడా రోజుకు కొంచెం చొప్పున అలవాటు పడుతుంది. కావున హెడ్‌లైటును అంచనాతో వదిలివేయకూడదు. నెలకొకసారి గోడ మీద కొలవాలి. ఆ గోడ ప్రతి సంఘానికీ ఉన్నది.

మన వేళలు, మన దారి

పాల వ్యాపారం పగటి వ్యాపారం కాదు. సూర్యుడు రాకముందు ఒక రూటు, సూర్యుడు పోయిన తరువాత ఒక రూటు. చలికాలంలో రెండు పూటలా చీకటిలోనే బండి నడుస్తుంది. కూరగాయల లారీ తెల్లవారేదాకా ఆగవచ్చు. పాలబండి ఆగటానికి వీలులేదు.

ఇక దారి సంగతి. వెనుక 9వ నంబరు జాతీయ రహదారి అని పిలిచిన, ఇప్పుడు 65వ నంబరుగా ఉన్న పూణే - హైదరాబాదు రహదారి మన ప్రాంతాన్ని నిలువునా చీల్చుకుంటూ పోతుంది. జహీరాబాదు, సదాశివపేట, పోతిరెడ్డిపల్లి చౌరస్తా, కంది, రుద్రారం, ఇస్నాపూర్, ముత్తంగి, పటాన్‌చెరు. ఇందులో సగం ఊళ్ళ పేర్లు మన రూటు చార్టులో కూడా ఉన్నాయి. రామచంద్రాపురంలో 1960లలో భెల్ కర్మాగారం వచ్చింది. 1970లలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ పెరిగింది. తరువాత పాశమైలారం, బొల్లారం. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లా ఏర్పడిన తరువాత రద్దీ ఇంకా పెరిగింది. ఒకప్పుడు రాత్రిపూట ఎడ్లబండి తప్ప ఎదురురాని చోట ఇప్పుడు కంటెయినర్లు, కంపెనీ బస్సులు, సిమెంటు మిక్సర్లు, వెనుక దీపం లేని చెరకు ట్రాక్టర్లు తిరుగుతున్నాయి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది మనుషుల సంగతి. ఉదయం షిఫ్టుకు పోయేవారు, రాత్రి షిఫ్టు దిగేవారు మన పాలబండి నడిచే వేళలకు అటూ ఇటూగా రోడ్డు మీద ఉంటారు. నడిచి పోయేవారు, సైకిలు మీద పోయేవారు, డివైడరు సందులో నుంచి అడ్డంగా దాటేవారు. చాలామంది ముదురు రంగు యూనిఫారంలో ఉంటారు. వారిలో మన సభ్యుల పిల్లలే ఎందరో ఉన్నారు. తల్లి సంఘంలో పాలు పోస్తుంది, కొడుకు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. మన బండి దీపం ముందుగా చూడవలసింది ఆ కొడుకును.

"దారి మాకు కండ్లు మూసుకున్నా తెలుసు సార్" అని ఒక డ్రైవరు మాతో అన్నాడు. దారి తెలిసే ఉండవచ్చు. ఈ రాత్రి ఆ దారిలో ఎవరు నడుస్తున్నారో తెలియదు గదా.

చిన్న లెక్క చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఎదుట ఏదో ఉన్నదని కన్ను గుర్తించి కాలు బ్రేకు మీద పడేసరికి సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. అప్పటికే బండి 25 మీటర్లు పోయింది. ఎండురోడ్డు మీద మంచి బ్రేకుతో ఆగటానికి ఇంకొక 25 నుంచి 30 మీటర్లు కావాలి. మొత్తం 50 మీటర్ల పైమాటే. నల్లబట్టలు వేసుకున్న మనిషి మంచి డిప్పరు వెలుగులో కూడా చాలాసార్లు 50 మీటర్ల లోపలికి వచ్చేదాకా కనిపించడు. దీపం మసకబారితే ఆ దూరం ఇంకా తగ్గుతుంది, బండి ఆగే దూరం మాత్రం తగ్గదు. అదే 40 కిలోమీటర్ల వేగమైతే 30 మీటర్లలో ఆగుతుంది. దీపం బాగులేని రాత్రి వేగం తగ్గించమనేది ఇందుకే.

పాల నష్టం సంగతి కూడా చెప్పుకోవాలి. పిండిన పాలు పశువు ఒంటి వేడితో ఉంటాయి. వాటిని త్వరగా 4 డిగ్రీల సెంటీగ్రేడుకు చల్లార్చాలి. ఆలస్యమైన కొద్దీ సూక్ష్మజీవులు పెరుగుతాయి. వైరు కాలి దీపాలు పోయి బండి దారిలో రెండు గంటలు నిలిచిపోతే, శీతలీకరణ కేంద్రంలో పాలు మరిగించి చూసినప్పుడు విరిగిపోవచ్చు. ఆ నష్టం డ్రైవరుకు కాదు, ఆ పూట పాలు పోసిన సభ్యులందరికీ. ఒక మామూలు హాలోజన్ బల్బు ఖరీదు 40 లీటర్ల క్యాను పాల ఖరీదులో చిన్న భాగం మాత్రమే.

గుర్తులను బట్టి లోపాన్ని కనిపెట్టడం

పశువుకు జ్వరమా, కడుపుబ్బరమా అని గుర్తులను బట్టి తెలుసుకుంటాము గదా. హెడ్‌లైటును కూడా అలాగే చూడాలి. వెంటనే బల్బు కొనడం వైద్యం కాదు.

ఒకటి. ఒక పక్క అప్పరు వెలుగుతుంది, డిప్పరు వెలగదు, లేదా డిప్పరు వెలుగుతుంది, అప్పరు వెలగదు. సాధారణంగా బల్బులోని రెండు తీగలలో ఒకటి తెగి ఉంటుంది. బల్బు తీసి వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే తెలుస్తుంది. తీగ బాగుంటే హోల్డరును చూడండి. అందులోని రేకు నల్లబడి ఉంటుంది, లేదా ప్లాస్టిక్కు కరిగి ఉంటుంది. హోల్డరు మార్చకుండా బల్బు మార్చితే నాలుగు రోజులకు మళ్ళీ అదే కథ.

రెండు. రెండు పక్కలా ఒకేసారి ఆరిపోయాయి. రెండు బల్బులు ఒకే క్షణంలో కాలిపోవడం అరుదు. ముందు ఫ్యూజు, తరువాత రిలే, తరువాత స్విచ్చి చూడాలి. ఫ్యూజు పోతే అదే ఆంపియర్ల ఫ్యూజు వేయాలి. సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం చుట్టడం, లావు తీగ పెట్టడం మనవారికి పాత అలవాటు. ఫ్యూజు అనేది ఇంటి ముందున్న కుక్క వంటిది. అది అరిచిందని దానిని కట్టివేస్తే దొంగ లోపలికి వస్తాడు. ఆ తీగ కాలదు, దాని బదులు వైరింగు కాలుతుంది.

మూడు. ఒక పక్క దీపం రెండవ పక్క కంటే మసకగా, పసుపుపచ్చగా ఉంది. ఇది ఎక్కువగా ఎర్తు లోపం. దీపం దగ్గర నుంచి బాడీకి పోయే ఎర్తు వైరు తుప్పుపట్టి ఉంటుంది. పరీక్ష సులభం. ఒక విడి వైరు తీసుకొని దీపం ఎర్తు నుంచి నేరుగా బ్యాటరీ నెగటివుకు తగిలించి చూడండి. దీపం ప్రకాశిస్తే లోపం ఎర్తులోనే ఉంది. ఆ బోల్టు విప్పి, తుప్పు గీకి, బిగించి, పైన కొద్దిగా పెట్రోలియం జెల్లీ పూయండి. రూపాయి ఖర్చు లేదు.

నాలుగు. రెండు దీపాలూ మసకగా ఉన్నాయి, ఇంజను వేగం పెంచితే బాగా ప్రకాశిస్తాయి. కొద్ది తేడా సహజమే. తేడా బాగా ఎక్కువైతే డైనమో బెల్టు వదులైనదో, బ్యాటరీ బలహీనపడినదో, టెర్మినళ్ళకు తెల్లని పొడి పట్టినదో చూడాలి. 12 వోల్టుల బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంజను నడుస్తుండగా 14 వోల్టులకు కొద్దిగా అటూ ఇటూ ఉండాలి. దీపాలు వెలిగించి ఉండగానే బల్బు హోల్డరు దగ్గర కూడా కొలవండి. బ్యాటరీ దగ్గరకూ బల్బు దగ్గరకూ అర వోల్టుకు మించి తేడా ఉంటే మధ్య దారిలో ఎక్కడో కరెంటు చిక్కుకుంటున్నది. ఒక సంగతి గుర్తుంచుకోండి. బల్బుకు అందే వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు 10 శాతం కాదు, సుమారు 30 శాతం తగ్గుతుంది. కొలతలో చిన్నదిగా కనిపించే లోపం రోడ్డు మీద పెద్దదవుతుంది.

ఐదు. బల్బులు తరచుగా పోతున్నాయి. మేము మొదట చెప్పిన వోచర్ల సంఘం రోగం ఇదే. రెగ్యులేటరు చెడి వోల్టేజి 15కు పోతుంటే బల్బు బాగా వెలుగుతుంది గాని త్వరగా చస్తుంది. వోల్టేజి 5 శాతం పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. బ్యాటరీలో నీళ్ళు త్వరగా తగ్గిపోవడం కూడా దీనికి గుర్తు. వోల్టేజి సరిగానే ఉంటే, బల్బు బిగింపు వదులై అదురుతున్నదేమో, గాజును చేతితో ముట్టుకొని బిగించారేమో విచారించాలి. హాలోజన్ బల్బు గాజు చాలా వేడెక్కుతుంది. చేతి జిడ్డు అంటిన చోట ఆ వేడి ఒక్కచోటే పేరుకొని గాజు దెబ్బతింటుంది. మన చేతికి పాల జిడ్డు ఎప్పుడూ ఉండనే ఉంటుంది. బల్బును లోహపు అడుగు భాగంతోనే పట్టుకోవాలి. పొరపాటున గాజుకు చెయ్యి తగిలితే శుభ్రమైన పొడిగుడ్డతో తుడిచి పెట్టాలి.

ఆరు. దీపం లోపల తేమ. చలికాలం ఉదయం లోపల సన్నని ఆవిరి పట్టి, దీపం వెలిగించిన కొంతసేపటికి పోతే భయంలేదు. నీటి బొట్లు నిలిచి ఉంటే, అడుగున నీరు కనిపిస్తే వెనుకనున్న రబ్బరు మూత చిరిగినదో, అద్దం అంచు ఊడినదో అనుకోవాలి. మిగతా బండ్ల కంటే పాలబండికి ఈ జబ్బు ఎక్కువ. ఒలికిన పాల వాసన పోవటానికి రోజూ పైపు పెట్టి కడుగుతాము గదా. కడిగేటప్పుడు నీటిధారను దీపాల వెనుకకు, ఫ్యూజు పెట్టె మీదకు కొట్టకండి. నీరు నిలిస్తే లోపలి వెండిపూత పాడవుతుంది. ఆ పూత ఒకసారి నల్లబడితే రుద్ది బాగుచేయలేము. రుద్దితే ఉన్న పూత కూడా ఊడిపోతుంది. ఆ యూనిట్టు మార్చవలసిందే.

ఏడు. అద్దం పసుపుబారడం. పాత జీపుల దీపాలకు గాజు అద్దాలు ఉండేవి. అవి పగిలేవి గాని పసుపు రంగుకు తిరిగేవి కావు. ఇప్పటి బండ్లకు పాలికార్బొనేటు అనే ప్లాస్టిక్కు వాడుతున్నారు. పైన ఉన్న రక్షణపూత ఎండకు అరిగిపోయాక అది పసుపుగా, పొగచూరినట్టుగా మారుతుంది. కొత్త బల్బు వేసినా ఆ మసక దాటి వెలుగు పోదు. పైగా చెదిరిపోయి ఎదుటివాని కంట్లో పడుతుంది. టూత్‌పేస్టుతో రుద్దితే కొన్నాళ్ళు మెరుస్తుంది, మళ్ళీ మామూలే. సరైన పద్ధతి ఏమిటంటే, సన్నని వాటర్ పేపరుతో నీళ్ళు పోస్తూ, ముందు 1000 నంబరు, తరువాత 2000 నంబరు రుద్ది, పాలిషు పెట్టి, ఎండను తట్టుకొనే పూత వేయించడం. పూత వేయకపోతే చేసిన పని నిలవదు. మసక లోపలి వైపు ఉంటే యూనిట్టు మార్చడమే మార్గం.

ఈ ఏడింటి కంటే ముందు చేయవలసిన పని ఒకటి ఉన్నది. తుడవడం. పారిశ్రామికవాడ దుమ్ము, డీజిలు పొగ, మంచు కలిసి అద్దం మీద ఒక పొరలాగా పడతాయి. రూటుకు బయలుదేరే ముందు తడిగుడ్డతో దీపాలను, ముందు అద్దాన్ని తుడవడం డ్రైవరుకు అలవాటు కావాలి. పొడిగుడ్డతో దుమ్మును రుద్దితే గీతలు పడతాయి.

గోడ మీద కొలత

ఇంతవరకు వెలుగు తగ్గడం గురించి చెప్పాము. వెలుగు ఎంత ఉన్నా తప్పుచోట పడితే అది కూడా లోపమే. పాలబండికి ఈ లోపం దాని పని వల్లనే వస్తుంది.

40 లీటర్ల క్యానులో పాల బరువు సుమారు 41 కిలోలు. 25 క్యాన్లు నిండితే పాల బరువే 1,000 కిలోలు దాటుతుంది, క్యాన్ల బరువు వేరు. అంతా వెనుకనే ఉంటుంది. వెనుక కుంగితే ముందు లేస్తుంది, ముందు లేస్తే దీపం ఆకాశం చూస్తుంది. రెండు ఇరుసుల మధ్య రెండున్నర మీటర్లు ఉన్న బండి వెనుక భాగం 5 సెంటీమీటర్లు కుంగితే, 50 మీటర్ల దూరంలో వెలుగు ఒక మీటరు పైకి లేస్తుంది. అంటే రోడ్డు మీద పడవలసిన వెలుగు ఎదురుగా వచ్చే మోటారు సైకిలు మనిషి ముఖాన పడుతుంది. అతనికి రోడ్డు కనిపించదు, మనకు అతను కనిపించడు. డ్రైవరు మాత్రం డిప్పరులోనే ఉన్నాను, నా తప్పు లేదు అనుకుంటాడు. ఖాళీ క్యాన్లతో పోయేటప్పుడు బాగున్న దీపమే నిండు క్యాన్లతో వచ్చేటప్పుడు చెడ్డదవుతుంది.

దీనికి చేయవలసినది చెప్తాము, రాసుకోండి.

సంఘం ముందు చదునైన నేల, ఎదుట సున్నం వేసిన గోడ ఉన్నచోటు ఎంచుకోండి. టైర్లలో గాలి సరిగా ఉండాలి. మామూలుగా రాత్రి మోసే బరువు బండిలో ఉండాలి. పాలు లేకపోతే క్యాన్లలో నీళ్ళు నింపండి, పరీక్ష అయ్యాక క్యాన్లను శుభ్రంగా కడగండి. డ్రైవరు తన సీటులో కూర్చోవాలి. బండిని గోడకు ఎదురుగా 10 మీటర్ల దూరంలో తిన్నగా నిలపండి. దీపం నడిబొడ్డు నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నదో టేపుతో కొలిచి, గోడ మీద అదే ఎత్తులో అడ్డగీత గీయండి. దానికి 10 నుంచి 12 సెంటీమీటర్ల కింద రెండవ గీత గీయండి. బండితో వచ్చిన పుస్తకంలో గాని, దీపం మీద గాని వేరే అంకె ఉంటే అదే ప్రమాణం.

చీకటి పడ్డాక డిప్పరు వేసి, ఒక్కొక్క దీపాన్ని విడిగా చూడండి. రెండవ దానికి అట్టముక్క అడ్డం పెట్టండి, కాని ఎక్కువసేపు ఉంచవద్దు, వేడికి ప్లాస్టిక్కు పాడవుతుంది. వెలుగు పై అంచు కింది గీత మీద ఉండాలి. మనం ఎడమపక్క నడిచేవారము గనుక ఎడమవైపు ఆ అంచు కొంచెం పైకి లేస్తుంది. నడిచేవారు, సైకిలువారు కనిపించటానికి అలా చేస్తారు. కుడివైపు లేస్తే బల్బు తప్పుగా కూర్చున్నది, లేదా కుడిపక్క నడిచే దేశాల కోసం చేసిన దీపం ఎవరో తగిలించారు. అంచు గీతకు పైన ఉంటే దీపం వెనుక ఉండే మరను కొద్దికొద్దిగా తిప్పి దించాలి. కొన్ని బండ్లకు డ్రైవరు ముందు 0 నుంచి 3 వరకు అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది. ఖాళీ బండికి 0, బరువు పెరిగిన కొద్దీ పై అంకె. దానిని చాలామంది ముట్టనైనా ముట్టరు. అది లేని బండికి రాత్రి బరువుతోనే మర సరిచేసి, ఖాళీగా పోయేటప్పుడు వెలుగు దగ్గరలోనే పడుతుంది గనుక వేగం తగ్గించాలి. నిండు క్యాన్లను ముందుగా క్యాబిను పక్కనే పెట్టి, వెనుక తలుపు దగ్గర వీలైనంత తక్కువ ఉంచితే బండి కుంగడం కూడా తగ్గుతుంది.

వెలుగు బలం తెలుసుకోవటానికి రెండవ పరీక్ష. బండికి 50 మీటర్ల దూరంలో, రోడ్డుకు దూరంగా ఉన్న చోట, ఒక పాత గోనెసంచిని కర్రకు వేలాడదీయండి. డిప్పరులో డ్రైవరుకు అది కనిపించాలి. ఈ నెల కనిపించి వచ్చే నెల కనిపించకపోతే, కన్ను అలవాటు పడి దాచిపెట్టిన లోపాన్ని గోనెసంచి బయటపెట్టినట్టే.

చట్టం కూడా ఈ రెండు సంగతులే అడుగుతున్నది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 105వ నియమం ప్రకారం సూర్యాస్తమయం అయిన అరగంట తరువాత నుంచి సూర్యోదయానికి అరగంట ముందు వరకు, తగిన వెలుతురు లేని ఏ సమయంలోనైనా, 155 మీటర్ల ముందున్న మనుషులు, వాహనాలు స్పష్టంగా కనిపించేలా దీపాలు వెలగాలి. 106వ నియమం ప్రకారం ఆ వెలుగు కిందికి వంగి ఉండాలి, 8 మీటర్ల దూరంలో ఒకటిన్నర మీటరు ఎత్తున ఉన్న కంటికి మిరుమిట్లు కొలపకూడదు. ఒక నియమం మన చూపు కోసం, రెండవది ఎదుటివాని చూపు కోసం.

చేయకూడని పనులు

12 వోల్టుల హెచ్-4 హాలోజన్ బల్బుకు అప్పరు 60 వాట్లు, డిప్పరు 55 వాట్లు. 24 వోల్టుల బండికి 75, 70 వాట్లు. బజారులో 100, 90 వాట్ల బల్బులు దొరుకుతాయి. రెండు 60 వాట్ల తీగలు 10 ఆంపియర్లు లాగితే, రెండు 100 వాట్ల తీగలు దాదాపు 17 ఆంపియర్లు లాగుతాయి. కంపెనీ వేసిన వైరు దానికి సరిపోదు. హోల్డరు కరుగుతుంది, వెండిపూత మాడుతుంది.

హాలోజన్ కోసం చేసిన గిన్నెలో ఎల్.ఇ.డి. బల్బు తగిలించడం ఇప్పటి మోజు. గోడ మీద చూడండి, వెలుగుకు అంచే ఉండదు, చెదిరిపోతుంది. తెల్లగా మెరిసినంత మాత్రాన దూరం కనిపించదు. బండిలో తయారీదారు నిర్దేశానికి భిన్నంగా చేసే మార్పులను 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కట్టడి చేస్తున్నది. కంపెనీ నుంచే ఎల్.ఇ.డి. దీపాలతో వచ్చిన బండి సంగతి వేరు. అవి చెడితే చాలావరకు విడి బల్బు దొరకదు, యూనిట్టే మార్చాలి. కావున గ్యారంటీ కాగితం జాగ్రత్త చేయండి.

దీపం పైసగానికి నల్లరంగు పూయడం పాతకాలపు లారీల అలవాటు. హెచ్-4 బల్బులో డిప్పరు తీగ కింద ఒక చిన్న లోహపు దోనె ఉంటుంది. అందువల్ల డిప్పరు వెలుగు గిన్నె పైసగం మీదనే పడి రోడ్డు మీదకు దిగుతుంది. పైసగం నల్లగా చేస్తే పోయేది మనకు కావలసిన వెలుగే.

మంజీర ఒడ్డు ఊళ్ళలో చలికాలం మంచు పట్టినప్పుడు అప్పరు వేయకండి. వెలుగు మంచుకు తగిలి తిరిగి మన కంట్లోనే పడుతుంది. డిప్పరు వేసి మెల్లగా పోవాలి. ఎదుటివాడు అప్పరుతో వస్తే పంతానికి మనమూ అప్పరు వేయరాదు. ఇద్దరు గుడ్డివాళ్ళు ఎదురెదురుగా వచ్చినట్టు అవుతుంది. వేగం తగ్గించి, చూపును రోడ్డు ఎడమ అంచు మీద నిలపాలి.

ఒంటికన్ను బండితో రూటుకు పోవడం అన్నిటికంటే ప్రమాదం. ముఖ్యంగా కుడి దీపం లేకపోతే ఎదుటివాడు మనలను మోటారు సైకిలు అనుకొని మన కుడిభాగం ఉన్న చోటికే వస్తాడు. దారిలో బల్బు పోయి, విడి బల్బు లేకపోతే, ఉన్న మంచి బల్బును కుడివైపుకు మార్చి, పార్కింగు దీపాలు వేసుకొని, మెల్లగా దగ్గరి ఊరు చేరాలి. ఇది గండం గడవటానికే గాని రూటు పూర్తి చేయటానికి కాదు.

పాలు పోయటానికి మోపెడ్ల మీద వచ్చే సభ్యులకు ఒక మాట. 2017 ఏప్రిల్ 1 నుంచి అమ్మిన కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజను నడుస్తున్నంతసేపూ ముందు దీపం వెలుగుతూనే ఉంటుంది. కాని వెనుక రెండు క్యాన్లు కట్టితే ఆ దీపం కూడా పైకి లేస్తుంది, వెనుక ఎర్రదీపం క్యాన్ల చాటున పడుతుంది. క్యాను కట్టే తీరు చూసుకోండి.

సంఘం చేయవలసినది

ఇక ఇన్‌స్పెక్టరుగా మా అసలు మాట. మన రూటు బండ్లు చాలావరకు అద్దె బండ్లు. బల్బు యజమాని కొనాలని డ్రైవరు అంటాడు, డ్రైవరు చూసుకోవాలని యజమాని అంటాడు, బండి మనది కాదని కార్యదర్శి అంటాడు. ముగ్గురి మధ్య దీపం ఆరుతుంది. సహకారం అంటే అందరిదీ అని గాని ఎవరిదీ కాదని కాదు. కావున పాలకవర్గం తీర్మానం ద్వారా మూడు పనులు చేయవలసిందిగా కోరుతున్నాము.

మొదటిది, అద్దె ఒప్పందంలో దీపాల బాధ్యత ఎవరిదో ఒక వాక్యం రాయండి. విడి బల్బు ఒకటి, విడి ఫ్యూజులు రెండు, చిన్న టార్చి ఒకటి బండిలో ఎప్పుడూ ఉండాలని కూడా రాయండి.

రెండవది, నెలకొకసారి, అలాగే బల్బు మార్చినప్పుడు, కమాన్లు బాగుచేయించినప్పుడు, ముందుభాగానికి దెబ్బ తగిలినప్పుడు గోడ పరీక్ష జరగాలి. రకరకాల బండ్లు వచ్చే సంఘాలు గోడ మీద నేల నుంచి సెంటీమీటర్ల స్కేలు రంగుతో వేయించుకుంటే ఏ బండికైనా పనికివస్తుంది. ఫలితం లాగ్ బుక్కులో రాసి డ్రైవరు, కార్యదర్శి ఇద్దరూ సంతకం చేయాలి. ఫిట్‌నెస్ పరీక్ష రోజున వెలిగిన దీపం ఏడాది పొడవునా వెలుగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు.

మూడవది, రోజువారీ చూపు సాయంత్రం రూటుకు రెండు గంటల ముందు జరగాలి. పాలు నిండిన తరువాత ఏ కార్యదర్శీ బండిని ఆపలేడు. ఆపితే పాలు పోతాయి, పంపితే మనిషి ప్రాణానికి భయం. ఆ చిక్కులో పడకుండా ఉండాలంటే, లోపం బాగుచేయటానికి పొద్దు ఉండగానే దానిని కనిపెట్టాలి. డ్రైవరు దీపంలో లోపం ఉన్నదని చెప్తే కోప్పడకండి, జీతంలో కోయకండి. చెప్పినవానిని శిక్షిస్తే రేపటి నుంచి ఎవరూ చెప్పరు.

ఈసారి మేము తనిఖీకి వచ్చినప్పుడు నగదు పుస్తకం, స్టాకు రిజిస్టరు చూసిన తరువాత మీ గోడ కూడా చూస్తాము. గీత ఉంటే సంతోషిస్తాము. లేకపోతే టేపు, సుద్దముక్క మా సంచిలో ఉంటాయి, కలిసి గీద్దాము.  ఇప్పుడు డ్రైవరు సోదరులు బయటకు వస్తే, సాయంత్రం రూటుకు పోయే బండ్ల దీపాలను ఒక్కొక్కటిగా చూద్దాము.